కొత్త మొక్కను పొగిడే ముందు...

సంపాదకులకు,

తోటల పేజీలో కొత్త మొక్క గురించి వ్యాసం వస్తే కాయ ఫొటో ఉంటుంది, నర్సరీ పేరు ఉంటుంది. అది మన ఎండాకాలం దాటిందా లేదా అన్నది మాత్రం ఉండదు. వ్యాసం రాసినాయనకు ఆ మొక్క ఊరికే వచ్చిందో, కొన్నాడో కూడా తెలియదు.

డ్రాగన్ ఫ్రూట్‌నే చూడండి. జెముడు జాతి కాబట్టి ఎండకు భయం లేదని రాసేస్తారు. నిజానికి అది అడవిలో చెట్ల నీడన పైకి పాకే మొక్క. నల్లగొండ ఏప్రిల్, మే ఎండకు పడమటి వైపు కాడలు పసుపుబారి మెత్తబడతాయి. తొలకరి పడగానే ఆ మచ్చల్లోంచే కుళ్లు మొదలవుతుంది. ఆ రెండు నెలలూ షేడ్‌నెట్ కట్టాలి. ఆ ఖర్చు ఏ వ్యాసంలోనూ కనబడదు.

అవకాడోకు నీళ్లు నిలిచే నల్లరేగడి పనికిరాదు, వేరుకుళ్లు పడుతుంది. ఇదీ రాయరు.

బత్తాయి అంటు కొనే మన రైతు ముందు అడిగేది వేరు మొక్క ఏదని: రంగపూర్ నిమ్మ మీద కట్టిందా, జంబేరి నిమ్మ మీదా అని. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా జానెడు పైనుందా అని వంగి చూస్తాడు. పేజీ రాసేవారికి ఈ ప్రశ్నలు ఎందుకు తట్టవో!

ఇకపై ప్రతి వ్యాసం కింద ఏ నేలలో, ఎన్ని ఎండాకాలాలు చూసి రాశారో, మొక్క ఎలా వచ్చిందో రెండు వాక్యాలు వేయండి. నర్సరీలో మాత్రమే చూసుంటే అదే రాయండి.

– ఒక పాఠకుడు, నల్లగొండ