ఈసారి నోటుపుస్తకాల్లో ఇంకు ఎందుకు దిగిందంటే

గత రెండు నెలల్లో మా దగ్గర నోటుపుస్తకాలు తీసుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు. ఇంకు పాకుతోంది, అవతలి పేజీకి దిగుతోంది, పుస్తకం తెరిచి పెడితే పేజీలు అలల్లా లేస్తున్నాయి. మీరు చెప్పింది నిజం. లోపం మీ పెన్నులోనూ లేదు, మీ ఇంకులోనూ లేదు. కాగితమే బాగాలేదు. మొదట్లో ఒకరిద్దరికి "ఇంకు మార్చి చూడండి" అని జవాబిచ్చాను. ఆ జవాబులు తలచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

వాపసు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ బ్యాచ్ పుస్తకాలకు వెనక అట్ట లోపలివైపు చిన్న నీలం చుక్క ఉంటుంది. దాని ఫొటో పంపండి, చాలు. డబ్బు కావాలంటే డబ్బు ఇస్తాం, పుస్తకం కావాలంటే పుస్తకం ఇస్తాం. సగం రాసేసిన పుస్తకమైనా సరే. పాతది వెనక్కి పంపక్కర్లేదు. కొత్త పుస్తకం మాత్రం ఆలస్యమవుతుంది. ఎందుకో కింద రాశాను.

మాకు ఏళ్ల తరబడి కాగితం ఇచ్చినవాళ్లు ఆ రకం తయారీ ఆపేశారు. కొత్త సప్లయర్ శాంపిల్ తెచ్చాడు. నిబ్బు సాఫీగా జారింది, గీత అంచు పదునుగా నిలిచింది, వెనక మచ్చ లేదు. ఆర్డరిచ్చాం. లోడు వచ్చాక పైవరస రీములు విప్పి చూస్తే అచ్చం శాంపిల్ లాగే ఉన్నాయి. లోపలివి వేరు. తూకం వేస్తే తేడా లేదు, జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు) సరిగ్గానే ఉంది. తేడా సైజింగ్‌లో. అంటే కాగితం తడిని వెంటనే పీల్చేయకుండా తయారీలో కలిపే గంజిలాంటి సరుకులో. అది తక్కువైతే పెన్ను పెట్టగానే గీత గొంగళిపురుగులా వెంట్రుకలు లేస్తుంది. అడిగితే ఆయన "శాంపిల్ శాంపిలే, లోడు లోడే కదండీ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. ఇన్నేళ్లుగా కాగితాన్ని వేలితో తడిమి రకం చెప్పగలనని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నా వేలు పైవరస దగ్గరే ఆగిపోయిందని ఒప్పుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

నిజానికి మీకు రాయాల్సిన ఉత్తరం అప్పుడే రాసేశాను. అందులో మొత్తం తప్పు ఆయన మీదే వేశాను. పంపే ముందు, మా దగ్గర కుట్టుపని చూసే ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చేతిలో దారం అలాగే పట్టుకుని విని, "శాంపిల్ మడత పెట్టినప్పుడే అంచు విరిగింది సార్" అంది. అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అప్పటికే బాగుందన్నారు కదా" అంది.

ఆ ఉత్తరం చించేశాను.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. కాగితంలో పోగులు ఒక దిక్కుకు పడుకుని ఉంటాయి, ఆ దిక్కు కుట్టుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే మడత దగ్గర కాగితం విరుగుతుంది, తేమకు పేజీ అలలు పోతుంది. వాళ్లు పంపే షీటు కొలతను బట్టి మన పుస్తకానికి పోగు అడ్డంగానే వస్తుందని కటింగ్ మెషీన్ దగ్గరుండే అబ్బాయికి ముందే అనుమానం. లోడు విప్పకముందే మొత్తం డబ్బు కట్టాలన్న షరతు లెక్కలు చూసే ఆయనకు నచ్చలేదు. వాడి చూడమని శాంపిల్ కాగితం ఇచ్చిన ఒకరు "పేజీ చదునుగా ఉండట్లేదు" అని రాసిన సంగతి ప్యాకింగ్ చూసే అమ్మాయికి గుర్తుంది. నలుగురి దగ్గర నాలుగు ముక్కలు. కలిపి చూస్తే ఆ ఆర్డర్ ఇచ్చేవాళ్లమే కాదు. పక్కవాడి దగ్గర ఇంకో ముక్క ఉందని తెలియక ఎవరికి వారు తమది చిన్న విషయమే అనుకున్నారు.

మేం దీని గురించి కూర్చుని మాట్లాడుకోలేదా అంటే, మాట్లాడుకున్నాం. అందుకే మరీ బాధ. ఇరవై నిమిషాల మీటింగు. శాంపిల్ బల్ల మీద పెట్టి, "నాకైతే బాగా నచ్చింది, మీరేమంటారు?" అన్నాను. అందరూ తలూపారు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నేను దాన్ని పూర్ణాంగీకారంగా లెక్కేసుకున్నాను.

నాకు నిద్ర పట్టక ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ముగ్గురు అభ్యర్థుల్లో మేలైనవాణ్ణి ఎంచమన్నారు. వివరాలన్నీ అందరికీ ఇచ్చినప్పుడు చాలా బృందాలు సరిగ్గానే ఎంచాయి. అవే వివరాలను తలా కొన్ని పంచి ఇస్తే, సరిగ్గా ఎంచినవి పావు వంతు కూడా లేవు. కూర్చున్నవాళ్లు అందరికీ తెలిసిందే మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటారట, ఒక్కరికే తెలిసింది బయటికి రాదట. చదువుతుంటే మా బల్ల, దాని చుట్టూ ఉన్న మా మొహాలు కనిపించాయి.

అంతకుముందు 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ పరిశోధకుడు చేసిన గీతల పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. ఏ గీత ఏ గీతతో సమానమో చెప్పాలి, అంతే. గదిలో ముందు మాట్లాడేవాళ్లందరూ కావాలనే తప్పు చెబితే, కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కూడా కాదని వాళ్లతో గొంతు కలిపేశారు, దాదాపు నలుగురిలో ముగ్గురు, కనీసం ఒక్కసారైనా. జవాబు పైకి చెప్పకుండా రాసివ్వమన్నప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. మా గదిలో ముందు మాట్లాడింది జీతాలిచ్చే మనిషి. ఇక చెప్పేదేముంది.

ఈ జబ్బు చిన్న వ్యాపారాలకే పరిమితం కాదని తెలిశాక కాస్త ఊరట కలిగింది (అల్పసంతోషం, ఒప్పుకుంటున్నాను). 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చుట్టూ ఉన్న మహామేధావులు క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి ఇలాగే తలూపారు, అది ఘోరంగా విఫలమైంది. మరుసటి ఏడాది క్యూబా క్షిపణుల గొడవ వచ్చినప్పుడు ఆయన కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు, తను లేకపోతే మిగతావాళ్లు మనసు విప్పుతారని. నేను పుస్తకాలు కుట్టించుకునేవాణ్ణే, అయినా ఆ పని నాకూ చేతనవుతుంది కదా.

కాబట్టి ఇప్పుడేం చేయాలన్న నిర్ణయం వేరేగా తీసుకున్నాం. నా ఆలోచన ఒకటే. పరువు పోయింది, వెంటనే ఇంకో సప్లయర్‌ను పట్టుకుని నెల రోజుల్లో కొత్త బ్యాచ్ దించాలి. ఆ మాట ఈసారి పైకి అనలేదు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. తెల్లచీటీలు పంచి, "ఆరు నెలలు గడిచాయి, మనం చేసింది మళ్లీ ఘోరంగా విఫలమైంది అనుకోండి. ఎందుకు విఫలమైందో రాయండి" అన్నాను. గ్యారీ క్లైన్ అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతి ఇది. "ఏమైనా అనుమానాలున్నాయా" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. పని చెడిపోయినట్టే అనుకుని కారణం రాయమంటే మాత్రం కలాలు ఆగవు. పేర్లు రాయొద్దన్నాను. చేతిరాతలు నాకు తెలుసు కాబట్టి చీటీలు చదివే పని ప్యాకింగ్ అమ్మాయికి అప్పగించాను.

పదకొండు చీటీల్లో ఏడింట్లో ఒకే కారణం ఉంది: "తొందరపడ్డాం." ఒకదాంట్లో "సార్ కోపంలో ఆర్డరిచ్చారు" అని ఉంది. ఆ అమ్మాయి అది చదివేటప్పుడు గొంతు తగ్గించింది. అందరూ బల్లకేసి చూశారు. నేను నీళ్లు తాగాను.

రెండు గంటలు పట్టింది. చివరికి అందరికీ నచ్చిన దారి అంటూ ఏదీ తేలలేదు, తేలాలని పట్టుబట్టనూ లేదు. "ఇలా చేస్తే పని చెడుతుందని ఎవరికైనా గట్టి కారణం కనిపిస్తోందా" అని మాత్రం ఒక్కొక్కరినీ వరసగా అడిగాం. నన్ను ఆఖర్న అడిగారు. నా దగ్గర పంతం తప్ప కారణం లేదు.

తేలింది ఇది: మూడు నెలలు కొత్త పుస్తకాలు అమ్మం. ఇద్దరు సప్లయర్ల కాగితంతో కొద్ది పుస్తకాలు కుట్టి, తేమలోనూ ఎండలోనూ పెట్టి, మేమే రోజూ రాసి చూస్తాం. ఇకమీదట లోడు వస్తే పైరీము కాదు, మధ్యలోంచి ఏదో ఒకటి లాగి చూస్తాం. అది ఏదో నేను చెప్పను, కటింగ్ అబ్బాయి చెబుతాడు. పాడైన కాగితంలో మిగిలినది పెన్సిల్‌తో గీసుకునే స్కెచ్‌ప్యాడ్‌లు చేసి ఉచితంగా ఇచ్చేస్తాం. కావాలంటే అడగండి, కానీ పెన్నుతో రాయకండి.

మూడు నెలలు ఆగడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. నెలలో చేసి చూపించగలనని ఈ పూట కూడా అనిపించింది. అయినా ఆగుతున్నాం. ఇంకో మాట, ప్రతిదీ ఇలా చీటీలు రాసి తేల్చం. డబ్బా ఎంత కొలతలో ఉండాలి, ఏ రోజు సెలవు లాంటివాటికి గంటలు కూర్చుంటే పుస్తకాలు కుట్టేదెవరు? తప్పయితే మళ్లీ దిద్దుకోలేని పెద్ద నిర్ణయాలకే ఈ తంతు.

అట్ట రంగులు మాత్రం ఎప్పటిలాగే నేనే ఎంచుతాను. ఆ విషయంలో ఎవరి మాటా వినదలచుకోలేదు. మొన్న చీటీల డబ్బా తెరిస్తే ఒక చీటీ కనిపించింది: "ఆ ఆవపసుపు రంగు అట్ట గురించి కూడా ఒకసారి మాట్లాడాలి." రాత ఎవరిదో గుర్తుపట్టాను. జవాబు ఇంకా ఇవ్వలేదు.