కంటికి కట్టు, రివ్యూలో 'నైస్ వ్యూ'

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో ఊరుగాని ఊరు వెళ్లేవారికి సలహాలంటూ ఒక వ్యాసం వేశారు. లాడ్జీ అయినా భోజనం హోటలైనా వందకు పైగా రివ్యూలు, నాలుగుకు మించి స్టార్లు ఉన్నది చూసుకుంటే మోసపోరట. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ మా అక్క కంటి ఆపరేషన్ హడావుడిలో కుదరలేదు.

అక్కాబావలు కావలి నుంచి పినాకిని రైల్లో వచ్చారు. పెరంబూరులో మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డెబ్భై దాటిన మనిషిని కంటికి కట్టుతో ఎక్కించి దించడం ఎందుకని, నుంగంబాకంలో ఆసుపత్రి దగ్గర లాడ్జీ కోసం ఫోన్ తెరిచింది నేనే. 4.6 స్టార్లు, ఎనిమిది వందల పైచిలుకు రివ్యూలు. ఇంతమంది అబద్ధం చెబుతారా అనుకున్నాను.

'ఆసుపత్రికి నడక దూరం' అన్నదానికి ఆటోవాడు 120 తీసుకున్నాడు. ఫొటోలోని కిటికీ గదిలోనూ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు జనరేటర్. వేడినీళ్లు ఉదయం ఆరున్నర దాటితే రావు. ఇక లిఫ్టు. అది కూడా ఉంది. దానికి 'రిపేర్' అని అట్ట వేలాడదీశారు. ఆ అట్ట మీద దుమ్ము చూస్తే కిందటి దీపావళికి ముందే రాసినట్టుంది. ఏ బాధ తప్పించాలని లాడ్జీ తీసుకున్నానో ఆ బాధే అక్క అక్కడా పడింది, పైగా రోజుకు 1,800 అద్దె కట్టి.

సరే, లాడ్జీలన్నాక ఇలాంటివి మామూలే. నన్ను రాయించింది ఖాళీ చేసిన రోజు సంగతి. కౌంటర్ మీద వెంకన్న పటం పక్కన రివ్యూ రాయించే క్యూఆర్ కోడ్ ప్లేటు. మేం కట్టిన వెయ్యి రూపాయల అడ్వాన్సు కుర్రాడి చేతిలోనే ఉంది, మా చేతికి మాత్రం రావడం లేదు. "ఒక్క ఫైవ్ స్టార్ కొట్టండమ్మా, ఇచ్చేస్తా" అన్నాడు అరవం కలిసిన తెలుగులో. బావగారిది బటన్ల ఫోను. నేను బయట ఆటో మాట్లాడుతున్నాను. అక్క ఒక కంటికి పచ్చ గుడ్డ, రెండో కంట్లో నీళ్లు. "నాకు కనపడదు నాయనా" అంటే, "ఇటివ్వు పెద్దమ్మా" అని ఫోన్ తీసుకుని తనే నొక్కేశాడు. రాత్రి మా మనవడు చూస్తే అక్క పేరున ఐదు స్టార్లు, కింద 'క్లీన్ రూమ్, నైస్ వ్యూ' అని ఇంగ్లీషులో. అక్కకు తెలుగు చదవడమే అంతంత మాత్రం.

నేను తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. నూరు రూపాయల మనియార్డరుకు వేలిముద్ర వేయించుకున్నా పక్కన సాక్షి సంతకం ఉండాల్సిందే. ఇక్కడ వేలు ఒకరిది, పేరు ఒకరిది.

ఆ రాత్రి కూర్చుని మిగతా రివ్యూలన్నీ చదివాను. బుక్ చేసేముందు చేయాల్సిన పని, ఒప్పుకుంటాను. సగానికి సగం వాటిలో ఆ కౌంటర్ కుర్రాడి పేరే, 'బాగా చూసుకున్నాడు' అని. ఎవరి పేరున ఎన్ని వస్తే వాళ్లకంత కమీషనేమో. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు లిఫ్టూ వేడినీళ్లూ జనరేటరూ అన్నీ రాసే పెట్టారు, కాకపోతే కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ పోతేగాని కనపడరు. అటు చూస్తే మా పేటలో ఆంధ్రా మెస్ నడిపే ఆయనకు 3.8. గోంగూర పుల్లగా ఉందని ఒకరు, కారు పెట్టుకోవడానికి చోటు లేదని ఒకరు స్టార్లు కోశారు. పుల్లగా లేకపోతే అది గోంగూరెందుకవుతుంది?

ఇది మన దగ్గర పుట్టిన విద్య కూడా కాదు. 2017లో లండన్‌లో ఒకతను తానుండే షెడ్డునే భోజనం హోటలని చెప్పి, దొంగ రివ్యూలతో ఒక పెద్ద ప్రయాణాల సైట్‌లో ఊరంతటికీ నంబర్ వన్ చేసి చూపించాడు. మన ప్రభుత్వానికీ తెలుసు. 2022 నవంబరులో రివ్యూల కోసమే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం తెచ్చారు, ఐఎస్ 19000 అని. రాసింది ఎవరో సరిచూడాలి, డబ్బిచ్చి రాయించినవి వేయకూడదు అన్నారు. అన్నీ చెప్పి, పాటించడం మీ ఇష్టం అన్నారు. హెల్మెట్ లేదని నన్ను ఆపినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదే! ఫిర్యాదు చేద్దామని ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. పెట్టాక, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్ వచ్చింది.

కౌంటర్ల మీద ఆ ప్లేట్లు తీయించండి, అడ్వాన్సుకీ స్టార్లకీ ముడిపెట్టినవాళ్లకు జరిమానా వేయండి అని అధికారులకు వినపడేలా మీరైనా రాయండి. స్టార్లు చూడమని రాసిన చేత్తోనే ఇదీ రాయవచ్చు.

అక్క రివ్యూ తీసేద్దామంటే పాస్‌వర్డు కావలిలో ఉన్న కోడలికే తెలుసట. ఆ అమ్మాయి ఆదివారం చూస్తానంది. నిన్న రాత్రికి ఆ 'నైస్ వ్యూ'కి పదకొండు లైకులు వచ్చాయి.

— విశ్రాంత తపాలా ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై