ఈ వారం ఎపిసోడ్: చిత్ర కింద దూది ఉండ

అందరికీ నమస్కారం. ఈ వారం ఆడియో పెట్టాం. సోఫాలో కూర్చుని వినేది కాదు, డాబా ఎక్కి వినాలి. ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ప్లే నొక్కి ఫోన్ జేబులో వేసుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలైనా పడుతుంది. మధ్యలో స్క్రీన్ చూశారా, మళ్లీ మొదటికే.

చూడబోయేది ఒమెగా సెంటారీ, దూది ఉండలా మసకగా కనిపించే నక్షత్రాల గుంపు. మే మధ్యలో రాత్రి పది దాటాక చిత్ర నక్షత్రం సరిగ్గా దక్షిణం వైపు, బాగా పైన ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిత్ర నుంచి నిట్టనిలువునా మూడున్నర పిడికిళ్లు దిగండి. హైదరాబాద్‌లో ఒమెగా సెంటారీ 25 డిగ్రీల ఎత్తుకు మించి రాదు, కాబట్టి దక్షిణాన వీధి దీపాలు, అపార్ట్‌మెంట్లు లేని చోటు చూసుకోండి. వైజాగ్ వాళ్లకూ దాదాపు అంతే. తిరుపతిలో ఇంకో నాలుగు డిగ్రీలు లాభం.

10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకాలు 50 మి.మీ.) చాలు. ఫోకస్ మాత్రం ముందే చిత్ర మీద సూదిమొనలా కుదుర్చుకోండి: ఎడమ కంటికి మధ్య చక్రం, తర్వాత కుడి కంటికి ఐపీస్ (కన్ను ఆనించే కటకం) రింగు. ఇది వదిలేస్తే ప్రతి నక్షత్రమూ దూది ఉండలాగే కనిపిస్తుంది, ఏది అసలైనదో తేలదు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి. అంచులు చెదిరిన ఆ మసక ఉండలో కోటి దాకా నక్షత్రాలున్నాయి, దూరం దాదాపు 17,000 కాంతి సంవత్సరాలు.