కొత్త పరికరం కాదు, పంపు మరమ్మతుకు పద్దు కావాలి: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమలు, సమాచార సాంకేతిక శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

నేను హనుమకొండలో భౌతికశాస్త్రం బోధిస్తాను. కొద్ది పరమాణువుల మందం మాత్రమే ఉండే పొరల పదార్థాలతో ఫొటోడిటెక్టర్లు, అంటే పడిన కాంతిని కరెంటుగా మార్చి కొలిచే పరికరాలు, చేయడం నా పరిశోధన. సెమీకండక్టర్ల గురించి ప్రభుత్వం తరచుగా మాట్లాడుతున్న ఈ రోజుల్లో, మా ప్రాంతంలో ఈ పని ఎక్కడ ఆగిపోతోందో మీకు తెలియాలని రాస్తున్నాను.

పత్తి సీజనులో మీరు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే ఉంటారు. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనరు. కుప్పలో మీటరు గుచ్చితే ఒక చోట ఒక అంకె, జానెడు పక్కన ఇంకో అంకె వస్తుంది. తగాదా అక్కడే మొదలవుతుంది. నీరు 1450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, మళ్లీ 1940 దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది కనుక, ఆ కాంతిని సరుకు మీద వేసి తిరిగి వచ్చినదాన్ని కొలిస్తే గుచ్చే పని లేకుండానే తేమను అంచనా కట్టవచ్చు. పైపొర తేమే కదా తెలిసేది అని రైతు అడుగుతాడు, ఆ మాట నిజమే. అందుకే పత్తిని బెల్టు మీద పలుచగా పరిచి నడిపిస్తూ కొలవాలి. సెల్‌ఫోన్ కెమెరాల్లో ఉండే సిలికాన్‌కు 1100 నానోమీటర్లు దాటితే ఏమీ కనిపించదు. ఆ పైన చూడగలిగే ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్లు ఉన్నాయి గానీ, వాటి ధర యార్డులో కాటాకొకటి పెట్టించే ధర కాదు.

ఇక్కడే పొరల పదార్థాల మీద ఆశ పుడుతుంది. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ గ్రాఫైట్ ముక్కను మామూలు టేపుతో ఒలిచి గ్రాఫీన్‌ను వేరు చేశారు, 2010లో నోబెల్ అందుకున్నారు. అయితే గ్రాఫీన్ ఒక్క పొర తన మీద పడిన కాంతిలో 2.3 శాతమే పీల్చుకుంటుంది, పైగా దానికి బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ కదిలి కరెంటుగా పారాలంటే దాటాల్సిన శక్తి అంతరం, లేదు కనుక చీకట్లో కూడా కరెంటు పారుతూనే ఉంటుంది. మరో పొరల పదార్థమైన మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు ఆ లోపం లేదు. 2013లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ బృందం ఒకే పొరతో, అతి తక్కువ కాంతిలో, పడిన కాంతిలో వాట్‌కు 880 ఆంపియర్ల కరెంటు చొప్పున స్పందన చూపించింది. మామూలు సిలికాన్ ఫొటోడయోడ్ ఒక ఆంపియర్ కూడా ఇవ్వదు. అయితే ఆ స్పందన రావడానికీ పోవడానికీ సెకన్లు పట్టింది. పొర కింది ఉపరితలం మీదా అంచుల్లోనూ ఉన్న లోపాల్లో ఒక రకం విద్యుదావేశం చిక్కుకుని, అది వదిలేదాకా రెండో రకం విద్యుదావేశం పారుతూనే ఉండటం వల్లే అంత పెద్ద అంకె వస్తుంది. ఆలస్యానికి కారణమూ అదే. పైగా ఈ పదార్థం చూసేది కంటికి కనిపించే కాంతినే, తేమ జోలికి పోదు.

తేమను చూడగలిగేది నల్ల ఫాస్ఫరస్. మందపు పొరలో దాని బ్యాండ్ గ్యాప్ 0.3 ఎలక్ట్రాన్ వోల్టులే, అంత చిన్నది కనుకే నీరు పీల్చుకునే ఆ కాంతిని అది పట్టగలదు. గాలి తగిలితే మాత్రం అది నిలవదు. మా విద్యార్థులు పొద్దున ఒలిచి బయట ఉంచిన రేకును సాయంత్రం మైక్రోస్కోప్ కింద పెడితే, అద్దం మీద ఆవిరి పట్టినట్టు దాని మీద సన్నని బొట్లు కనిపిస్తాయి, మర్నాటికి అవి పెద్దవై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్సులోనే, అంటే గాలి చొరబడకుండా చేతి తొడుగులు బిగించిన పెట్టెలోనే, ఒలిచి, అక్కడే బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య పెట్టి కప్పేయాలి. ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు వాడే మేలైన బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు జపాన్‌లోని త్సుకుబాలో తనిగుచి, వతనబె పెంచి పంచినవి. పొర మీద పొర దించేటప్పుడు చేయి ఏమాత్రం తొందరపడినా మధ్యలో బుడగలు మిగులుతాయి, ఆ బుడగ పక్కన చేసిన డిటెక్టర్ ఎందుకూ పనికిరాదు. ఈ డిటెక్టర్లు మెరుగుపడటం అంటే చాలావరకు ఇదే: ఉపరితలం శుభ్రంగా ఉండటం, కరెంటును బయటికి తెచ్చే లోహపు కాంటాక్ట్ పొరను చెడగొట్టకుండా కూర్చోవడం.

ఆ కాంటాక్ట్ దగ్గరే మాకు దెబ్బ తగిలింది. రెండేళ్ల కిందట ఆగస్టులో, గాలి తీసేసిన ఛాంబర్‌లో ఆ కాంటాక్టుల కోసం బంగారం పూత పూస్తుండగా కరెంటు పోయింది. పంపు ఆగగానే నూనె వెనక్కి పీల్చుకోకుండా ఆపే వాల్వు ఒకటి ఉంటుంది, అది అప్పటికే నెలల తరబడి సరిగ్గా మూసుకోవడం లేదు. ఛాంబర్ నిండా నూనె పొగ కమ్మి, నాలుగు నెలల శ్రమతో కూర్చిన పదకొండు డివైసులూ పాడయ్యాయి. వాల్వు ఖరీదు కొన్ని వేల రూపాయలు. ముందే పెట్టుకున్న అర్జీ, ప్రాజెక్టులో పరికరాల కొనుగోలుకు పద్దు ఉంది గానీ మరమ్మతుకు లేదన్న రాతతో తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఒక విద్యార్థి సిలికా జెల్ వేసిన టిఫిన్ డబ్బాలో నమూనాలు పెట్టుకుని, కాజీపేటలో రైలెక్కి, బెంగళూరు వెళ్లి పూత పూయించుకొచ్చాడు. అక్కడివారు ఆదరించారు, కానీ వంతు రావడానికి నెలలు పట్టింది.

కొలతల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నేనే అన్యాయం చేసుకున్నట్టు. డిటెక్టర్ ఎంత మసక కాంతిని పట్టగలదో చెప్పే అంకెను నాయిస్, అంటే కాంతి లేకపోయినా కరెంటులో ఉండే అదురు, కొలిచి తేల్చాలి. డార్క్ కరెంట్, అంటే చీకట్లో పారే కరెంటు, నుంచి కాగితం మీద లెక్కకట్టి, అసలు నాయిస్‌ను కొలవకుండా ప్రకటించే అలవాటు ఈ రంగంలో ఉంది, అలా వచ్చిన అంకె ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. మేమూ ఒకసారి అలాగే రాశాం. తర్వాత అరువు తెచ్చిన పరికరంతో నిజంగా కొలిస్తే మా గొప్ప చాలావరకు కరిగిపోయింది.

కాబట్టి మేము కొత్త భవనం గానీ, శంకుస్థాపన గానీ అడగడం లేదు. వరంగల్ పరిసరాల్లోని విద్యాసంస్థలన్నీ వంతులవారీగా వాడుకునే ఒక పూత, పొరల కూర్పు గది కావాలి. దానికి కరెంటు పోయినా పంపు ఆగని బ్యాటరీ ఏర్పాటు, నాయిస్ కొలిచే బల్ల ఒకటి, ప్రాజెక్టుతో పాటు వెళ్లిపోకుండా ఉద్యోగంలో నిలిచే టెక్నీషియన్లు ఇద్దరు ఉండాలి. రాష్ట్రం పరిశోధనకు ఇచ్చే ప్రతి మంజూరులోనూ, పరికరం ధరలో ఇంత శాతం అని ఏటా మరమ్మతు పద్దు ముందే రాసి ఉంచాలి. ఆ శాతం ఎంతో మీ అధికారులూ మేమూ కూర్చుని తేల్చుకోవచ్చు. ఆ సమావేశానికి పాత వాల్వును కూడా తీసుకొస్తాను, ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది.

భవదీయుడు,
హనుమకొండ నుంచి ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు