పదో తరగతికి కూడా గేమ్స్ పీరియడ్ ఉంటుంది

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇళ్లకు చేరిన వారంలో స్కూలు ఆఫీసుకు వరసగా ఉత్తరాలు వచ్చాయి. చాలావాటిలో ఒకటే అభ్యర్థన. "మా అమ్మాయిని ఖోఖో టీమ్ నుంచి తప్పించండి." "మావాడికి ఈ ఏడాది కబడ్డీ వద్దు, సాయంత్రం ట్యూషన్‌కి అందుకోలేకపోతున్నాడు." మీ ఇబ్బంది నాకు తెలుసు. మారతహళ్లి వంతెన దాటడానికే ఒక్కోరోజు గంట పడుతుంది. పిల్లలు ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. బోర్డు పరీక్షలంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. అన్నీ ఆలోచించాకే ఈ నిర్ణయం తీసుకున్నాం: తొమ్మిది, పది తరగతులకు గేమ్స్ పీరియడ్ తీసేయడం లేదు. ఎందుకో మీకు వివరంగా చెప్పాలి.

మీలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చినవాళ్లు. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు పిల్లల మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక మీ ఆఫీసు సంగతులు కూడా చెబుతుంటారు. పని చేతకాకపోవడం వల్ల వచ్చిన చిక్కుల గురించి మీరు చెప్పడం నేను చాలా తక్కువ విన్నాను. ఎక్కువగా వినేది ఇలాంటివి: రాత్రి షిఫ్ట్ వాళ్లు మొదలుపెట్టిన పని ఎక్కడిదాకా వచ్చిందో పొద్దున వచ్చినవాళ్లకు చెప్పలేదు. ఒకరు గ్రూపులో మెసేజ్ పెట్టి తన పని అయిపోయిందనుకున్నారు, అవతలివాళ్లు దాన్ని చూడనే లేదు. టీమ్‌లో అందరూ తెలివైనవాళ్లే, కానీ పక్కవాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఇవి పుస్తకం చదివితే పోయే లోపాలు కావు. పదిహేనేళ్ల వయసులో ఇవి అలవాటయ్యే చోటు మా స్కూల్లో ఒకటుంది. అది గ్రౌండు.

ఖోఖోనే తీసుకోండి. చిన్నప్పుడు మీరూ ఆడే ఉంటారు, అయినా ఒక్కసారి నియమాలు గుర్తు తెచ్చుకోండి. ఛేజ్ చేసే జట్టులో ఎనిమిది మంది మధ్య గీత మీద ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. రన్నర్ ఆ కూర్చున్నవాళ్ల మధ్య నుంచి అటూ ఇటూ దూరిపోవచ్చు. తరిమే అమ్మాయికి ఆ వీలు లేదు. మధ్య గీత దాటకూడదు, ఒకసారి ఒక దిక్కుకు పరుగు మొదలుపెడితే గీత చివరనున్న పోల్ చుట్టి రావాలే తప్ప వెనక్కి తిరగకూడదు. అంటే ఎంత వేగంగా పరిగెత్తినా ఒక్కతే రన్నర్‌ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఆ ఆటను కట్టిందే అలా. ఖో ఇచ్చి తీరాలి, అంటే తరిమే పని కూర్చున్న మరొకరికి అప్పగించాలి. అది కూడా కూర్చున్న మనిషికి వెనకవైపు నుంచి, చేత్తో తాకుతూ, గట్టిగా "ఖో" అంటూ ఇవ్వాలి. తాకి ఊరుకుంటే చెల్లదు, దూరం నుంచి అరిచినా చెల్లదు. ఖో అందకముందే కూర్చున్న అమ్మాయి లేస్తే అది ఫౌల్.

మొన్న ఇంటర్ స్కూల్ పోటీలకు ముందు జరిగిన ప్రాక్టీస్ మ్యాచ్‌లో నేను గీత పక్కనే నిలబడి చూశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, మా స్కూల్లో అందరికంటే వేగంగా పరిగెత్తేది, తరుముతోంది. రన్నర్ చేతికి చిక్కినట్టే చిక్కి మధ్యలోంచి దూరిపోతోంది. ఈ అమ్మాయి పంతం పట్టి పోల్ చుట్టి మళ్లీ వస్తోందే కానీ ఖో ఇవ్వడం లేదు. రొప్పుతోంది. చివరికి ఇచ్చిన ఖో గొంతు దాటి బయటికి రాలేదు. కూర్చున్న అమ్మాయికి తాకినట్టు అనిపించింది కానీ మాట వినిపించలేదు, లేవాలో వద్దో తెలియక తడబడింది. ఈలోగా రన్నర్ ఆ చివరకు వెళ్లిపోయింది. విరామంలో పీఈటీ సార్ ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే ఖో ఇవ్వమ్మా, అయిపోయాక కాదు" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. తర్వాతి టర్న్‌లో అదే అమ్మాయి నాలుగడుగులు వేసి ఖో, ఇంకో మూడడుగులు వేసి ఖో. గొంతు గ్రౌండు అవతలికి వినిపించింది. రన్నర్‌ని తాకింది వేరే అమ్మాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మాత్రం ఈ అమ్మాయే.

కూర్చున్నవాళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్లను ఎవరూ చూడరు. తమ వీపు వెనక ఏం జరుగుతోందో వాళ్లకు సరిగ్గా కనబడదు. చెవులు రిక్కించి, మునివేళ్ల మీద బరువు పెట్టి, పిలుపు రాగానే లేవడానికి సిద్ధంగా ఉండాలి. ఒక్కో మ్యాచ్‌లో ఒకరికి ఖో అందేది చాలా తక్కువసార్లు. అయినా ఆ కాసేపూ పరధ్యానంగా ఉంటే జట్టు మొత్తం నష్టపోతుంది. మీటింగ్‌లో తన వంతు రాలేదని ఫోన్ చూసుకుంటూ కూర్చునే పెద్దవాళ్లకు కూడా ఈ సాధన ఉపయోగపడుతుందని నా గట్టి నమ్మకం.

కబడ్డీలో నాకు బాగా నచ్చే నియమం ఒకటుంది. అవుటై బయట కూర్చున్నవాడు తనంతట తాను లోపలికి రాలేడు. తన జట్టువాళ్లు అవతలివాళ్లను అవుట్ చేస్తేనే, అవుటైన వరసలో ఒక్కొక్కరూ తిరిగి వస్తారు. కూతకు వెళ్లినవాడు పాయింటు తెస్తే తోటివాడికి మళ్లీ ప్రాణం వచ్చినట్టే.

కొందరు తండ్రులు నన్ను అడుగుతారు, "మావాడు ఎప్పుడూ ఓపెనింగ్ బ్యాటింగే చేస్తాడు, వాడిని కిందకి ఎందుకు దించారు?" అని. వాళ్లకు నేను 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన టెస్ట్ గుర్తు చేస్తాను. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 171కే ఆలౌటై, 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడాల్సి వచ్చింది. మూడో స్థానం మన బెంగళూరు రాహుల్ ద్రావిడ్‌ది. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టిన హైదరాబాద్ లక్ష్మణ్‌ని ఈసారి మూడో స్థానంలో పంపారు. ద్రావిడ్ ఆరో స్థానానికి వెళ్లాడు. అక్కడి నుంచే 180 చేశాడు. లక్ష్మణ్ 281. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు, నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. చివరికి 171 పరుగుల తేడాతో మ్యాచ్ గెలిచాం. రెండేళ్ల తర్వాత 2003 ప్రపంచకప్‌లో అదే ద్రావిడ్ వికెట్ కీపింగ్ గ్లవ్స్ తొడుక్కున్నాడు, జట్టులో అదనంగా ఇంకో బ్యాట్స్‌మన్‌కి చోటు దొరకాలని. ఆ టోర్నీలో మనం ఫైనల్ దాకా వెళ్లాం. ఆఫీసులో సీటో, ప్రాజెక్టో, హోదా పేరో మారితే కుంగిపోయే మనుషులను మీరూ చూసి ఉంటారు. స్థానం మారినా పని ఆగకూడదని చిన్నప్పుడే అలవాటైన పిల్లవాడు అప్పుడు తట్టుకుంటాడు.

బ్యాడ్మింటన్ చూడటానికి ఒంటరి ఆటలా ఉంటుంది. కానీ 2022లో బ్యాంకాక్‌లో మనవాళ్లు తొలిసారి థామస్ కప్, అంటే పురుషుల జట్ల ప్రపంచ పోటీ, గెలిచిన తీరు చూడండి. క్వార్టర్ ఫైనల్లో మలేసియాతో, సెమీస్‌లో డెన్మార్క్‌తో ఐదు మ్యాచ్‌ల పోరులో స్కోరు 2-2 దగ్గర నిలిచింది. రెండుసార్లూ చివరి మ్యాచ్ ఆడి గట్టెక్కించింది ప్రణయ్. సెమీస్‌లో ఆయన కోర్టు మీద జారి చీలమండకు దెబ్బ తగిలినా ఆడాడు. మన ఊళ్లోని ప్రకాశ్ పదుకోన్ అకాడమీలో చిన్నప్పటి నుంచి శిక్షణ పొందిన లక్ష్య సేన్ ఆ రెండు రోజులూ తన మ్యాచ్ ఓడిపోయాడు. ఇండోనేసియాతో ఫైనల్లో మొదట కోర్టులోకి దిగింది మళ్లీ ఆ లక్ష్యే. మొదటి గేమ్ 8-21తో పోయింది, తర్వాతి రెండూ గెలిచాడు. తర్వాత అమలాపురం కుర్రాడు సాత్విక్, ముంబై చిరాగ్ జోడీ కూడా మొదటి గేమ్ ఓడి గెలిచారు. ఆ తర్వాత శ్రీకాంత్ ముగించాడు. 3-0. రెండుసార్లు జట్టును ఒడ్డున పడేసిన ప్రణయ్ ఆ రోజు రాకెట్ పట్టాల్సిన అవసరమే రాలేదు. కప్పు మాత్రం అందరిదీ. రెండుసార్లు ఓడినవాడు మూడోసారి ధైర్యంగా దిగగలిగాడంటే వెనక ఉన్నవాళ్ల మీద అతనికి ఎంత నమ్మకం ఉండాలి!

ఆడితే చాలు ఇవన్నీ వాటంతటవే వస్తాయని నేను అనను. తిట్టే కోచ్ దగ్గర పిల్లలు భయం నేర్చుకుంటారు. గీత బయట నుంచి "నువ్వే కొట్టు, వాడికి ఇవ్వకు" అని అరిచే నాన్న దగ్గర స్వార్థం నేర్చుకుంటారు. అందుకే ఈ ఏడాది కొన్ని పద్ధతులు పెట్టాం. ప్రాక్టీస్ మ్యాచ్‌లలో జాబితాలో ఉన్న ప్రతి పిల్లా ఆడాలి. కెప్టెన్ మారుతూ ఉండాలి. మ్యాచ్ అయ్యాక పది నిమిషాలు అందరూ గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ తోటివాళ్లు చేసిన ఒక మంచి పని గురించి చెప్పాలి. తన గురించి చెప్పకూడదు. మొదట్లో పిల్లలు సిగ్గుపడ్డారు. ఇప్పుడు పీఈటీ సార్ ఆపితే కానీ ఆపడం లేదు. తెలుగు, కన్నడ, తమిళం, హిందీ అన్నీ కలిపి మాట్లాడేసుకుంటారు.

మీ నుంచి కోరేది ఒక్కటే. కారులో, బండి మీద ఇంటికి వెళ్లేటప్పుడు "గెలిచావా? ఎన్ని కొట్టావు?" అనే ముందు "ఇవాళ ఎవరు బాగా ఆడారు?" అని అడగండి. జవాబులో తోటిపిల్లల పేర్లు వస్తుంటే ఆట సరిగ్గా సాగుతోందన్నమాట. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో "ఇక్కడ ఆడరాదు" అన్న బోర్డులు పెరిగిపోతున్నాయి. చాలామంది పిల్లలకు పదిమందితో కలిసి ఆడే చోటు స్కూల్ గ్రౌండు తప్ప ఇంకోటి లేదు. దయచేసి దాన్ని కూడా వాళ్లకు దూరం చేయకండి.

ట్యూషన్ల సమస్యకు మేం చేయగలిగింది చేశాం. తొమ్మిది, పది తరగతుల టీమ్ ప్రాక్టీస్ సాయంత్రం నుంచి ఉదయానికి, మొదటి బెల్లుకు ముందుకు మార్చాం. ఆ పిల్లల కోసం ఒక బస్సు ముందుగా బయల్దేరుతుంది. ఏ స్టాపు దగ్గర ఎన్ని గంటలకు వస్తుందో డైరీలో అంటించి పంపుతున్నాం. డాక్టరు వద్దన్న పిల్లలు స్కోరింగ్, టైమ్ కీపింగ్ చూసుకుంటారు, వాళ్లూ టీమ్‌లో ఉన్నట్టే. టీమ్ నుంచి తప్పించమని రాసిన తల్లిదండ్రులు ఈ మార్పు చూశాక మరోసారి ఆలోచించి, ఈ ఉత్తరంతో జతచేసిన కాగితం మీద సంతకం చేసి సోమవారంలోగా క్లాస్ టీచర్‌కి పంపండి. ఇంకా సందేహం ఉంటే నేరుగా వచ్చి నాతో మాట్లాడండి. శనివారం ఉదయం నేను గ్రౌండులోనే ఉంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు