బక్కచిక్కిన రోగికీ ‘తిండి తగ్గించు’ అనే సలహాయేనా?

సంపాదకులకు,

అయ్యా,

మధుమేహంపై ఇటీవల మీరు ప్రచురించిన ప్రత్యేక పేజీని ఆసాంతం చదివాను. తిండి తగ్గించండి, బరువు తగ్గండి, పొద్దున్నే నడవండి అన్న సలహాలు ఊబకాయం ఉన్నవారికి అక్షరాలా వర్తిస్తాయి. అయితే మా కడప జిల్లా పల్లెల్లో షుగరు బయటపడిన ప్రతి మనిషికీ తగ్గించుకోవడానికి బరువంటూ ఉండదు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన నేను, చుట్టుపక్కల జరిగే వైద్య శిబిరాల్లో ఇప్పటికీ మందులు అందించే పని చూస్తుంటాను. నిరుడు ఎండాకాలంలో ఒక శిబిరానికి గొర్రెలు కాచుకునే యువకుడు వచ్చాడు. ముప్పై ఏళ్లు నిండలేదు. తూకం 41 కిలోలు. బెల్టుకు మేకుతో పొడుచుకున్న కొత్త రంధ్రాలు మూడున్నాయి. అంతకుముందు ఎక్కడో రాసిచ్చిన చీటీని ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్నాడు. అందులో మాత్రల పేర్ల కింద ‘అన్నం తగ్గించాలి, రోజూ గంటసేపు నడవాలి’ అని ఉంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మంద వెంట తిరిగేవాడికి నడక రాసిన చేతిని ఏమనాలో నాకు తోచలేదు. అతను మాత్రం ఆ చీటీని తు.చ. తప్పకుండా పాటించి, రెండు పూటలా తినే సంగటిని ఒక పూటకు తెచ్చుకున్నాడు.

ఇలాంటి రోగుల మీదనే న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల పరిశోధకురాలు మెరెడిత్ హాకిన్స్, రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు నిహాల్ థామస్, వారి సహచరులు కలిసి చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. పెద్ద జబ్బు చేస్తే మా జిల్లావాళ్లు బస్సెక్కే ఊరు రాయవేలూరే. అక్కడ తేలిన సంగతి మాత్రం ఇంకా ఇక్కడికి చేరలేదు. సాధారణంగా కనిపించే టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ఊరుతున్నా శరీరం దాన్ని సరిగా లెక్కచేయదు, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. బరువు బాగా తక్కువగా ఉన్న ఈ రోగుల శరీరం ఇన్సులిన్‌కు టైప్ 2 రోగులకంటే మెరుగ్గానే స్పందిస్తోందనీ, కాలేయంలో కొవ్వూ తక్కువేననీ, చాలినంత ఇన్సులిన్ ఊరకపోవడమే అసలు లోపమనీ ఆ పరీక్షల్లో తేలింది. అలాగని దీన్ని టైప్ 1 అనడానికీ లేదు, ఎందుకంటే సొంత రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్ని (ప్యాంక్రియాస్) దెబ్బతీసిన ఆనవాళ్లు వీరిలో కనబడవు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ పోషణ చాలక క్లోమం సరిగా ఎదగకపోవడమే ఇందుకు కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. జమైకాలో హ్యూ-జోన్స్ అనే వైద్యుడు 1955లోనే ఇలాంటి రోగులను వేరుగా గుర్తించాడు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని ప్రత్యేక తరగతిగా చేర్చి, ఆధారాలు చాలవంటూ 1999లో తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని ‘టైప్ 5’ పేరుతో మళ్లీ గుర్తించింది. ఈ కొత్త పేరు తొందరపాటనే నిపుణులూ ఉన్నారు, వారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పేరు సంగతి పండితులు తేల్చుకుంటారు. మన ఆయుర్వేదం మాత్రం ప్రమేహ (మధుమేహం కూడా ఇందులోకే వస్తుంది) రోగుల్లో స్థూలుడు, కృశుడు అని ఇద్దరిని ఏనాడో వేరుచేసి, కృశించినవాడికి ముందు పుష్టినిచ్చే చికిత్స చేయాలని చెప్పింది.

అందువల్ల అధికారులకు నా విన్నపం ఒకటే. షుగరు పరీక్ష చీటీ మీద రోగి ఎత్తు, బరువు తప్పనిసరిగా రాయించి, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ లెక్క 18.5 కంటే తక్కువ ఉన్నవారి చేతిలో ‘తిండి తగ్గించు’ కాగితం పెట్టకుండా వారిని నేరుగా వైద్యుడి వద్దకు పంపాలి. క్లోమం ఎంత ఇన్సులిన్ ఊరిస్తోందో తెలిపే సి-పెప్టైడ్ పరీక్షను ఇలాంటి రోగులకు జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేయాలి. ఇన్సులిన్ మొదలుపెట్టినా మోతాదు విషయంలో జాగ్రత్త అవసరం. పూట తిండికి గ్యారంటీ లేని మనిషికి సూది వేశాక తిండి అందకపోతే, షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రేషన్, గుడ్డు, పప్పు కూడా ఇక్కడ మందులో భాగమే. మా ఎండలకు ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను ఎలా దాచుకోవాలో కూడా ఎవరైనా దగ్గరుండి చూపించాలి. తడి ఇసుక నింపిన కుండలో చిన్న కుండ పెట్టి, సీసాను నీళ్లు తగలకుండా అందులో ఉంచి, తడిగుడ్డ కప్పడం నేను ఆ యువకుడి భార్యకు నేర్పాను.

మీ తరువాతి మధుమేహ పేజీలో ఇలాంటి రోగుల కోసం కొంత చోటు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఇది చదివి ఎవరూ వాడుతున్న మాత్రలు సొంతంగా మానుకోవద్దనీ మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా