సైరన్ మూగబోయిన వీధి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను ఆజంజాహి మిల్లు కార్మికుడి బిడ్డను. నాయిన వీవింగ్ ఖాతాలో, అంటే బట్ట నేసే విభాగంలో, పనిచేసేవాడు. రాత్రి షిఫ్టు దిగి వస్తే జుట్టు మీద, కనుబొమ్మల మీద తెల్లటి దూది నుసి. అమ్మ గడప దగ్గరే దులిపేది. మా వీధిలో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. సైరన్ మోగితే పొయ్యి వెలిగేది, సైరన్ మోగితే పిల్లలం బడికి పోయేవాళ్లం.

1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆయన పెద్ద కొడుకు ఆజం జా పేరిట మొదలైన మిల్లు అది. ఇక్కడి పత్తి ఇక్కడే నూలై, బట్టయింది. 2002లో మూతపడింది. ఎవరి దారి వాళ్లది అయింది. మగ్గం పని తెలిసిన కొందరు భీవండి, సూరత్ పోయారు, తిరిగి రాలేదు.

ఇప్పుడు మిల్స్ కాలనీ పోలీస్ స్టేషన్ బోర్డు మీద ఆ పేరు మిగిలింది. మా మనవలు "మిల్లు ఎక్కడ?" అని అడిగితే చూపించడానికి ఏముంది సార్?

పెద్ద ఖర్చు అడగడం లేదు. మిల్లు స్థలంలో ఒక శిలాఫలకం పెట్టించండి. మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు), కార్మికుల గుర్తింపు కార్డులు, ఫొటోలు ఎవరింట్లో ఉన్నా సేకరించి ఒక గదిలో భద్రపరచండి. అన్నిటికన్నా ముందు, మిగిలి ఉన్న ముసలివాళ్ల మాటలు రికార్డు చేయించండి. మా వీధిలోనే ఈ ఏడాది ఇద్దరు పోయారు.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కొడుకు, వరంగల్